నాలుగింటి దగ్గు

పాస్టరమ్మ సూదుల తాత మందుల కొట్లోకి వెళ్తోందన్న కబురు కుట్టుమిషనావిడ దగ్గర పుట్టింది. ఆవిడ కళ్ళతో చూసిందా అంటే చూళ్ళేదు. జాకెట్టు ఇవ్వడానికొచ్చిన ఇస్త్రీ ఆయన భార్య చూసిందట. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి, కొంగు తల మీదుగా లాక్కుని, కూరల సంచీ చేత్తో పట్టుకుని, సందు చివర పచ్చ తలుపులోకి దూరిందట. వెళ్ళేటప్పుడు సంచీ ఖాళీయేనట, వచ్చేటప్పుడూ ఖాళీయేనట. "కూరలకని వెళ్ళి ఉత్త సంచీతో రావడానికి ఆ కొట్లో ఏముంది, వేర్లూ బెరళ్ళూ తప్ప?" అని కుట్టుమిషనావిడ దారం కొరుకుతూ అందట. అంతటితో ఆగినా బాగుండేది. "రెండు నెలల క్రితం మందిరంలో నిలబడి, నాకు స్వస్థత కలిగిందని సాక్ష్యం చెప్పింది ఈవిడే కదా! స్వస్థత కలిగిన మనిషికి సూదులెందుకో?" అని కూడా అందట.

గోడలకి చెవులుంటే ఉండొచ్చు, కబుర్లకి మాత్రం కాళ్ళుంటాయి. సాయంత్రానికల్లా ఆ మాట రంపం పెద్దయ్య పనిచేసే పాకకి నడిచొచ్చింది.

రంపం పెద్దయ్య సంఘ పెద్ద. చేసేది వడ్రంగం. మందిరంలో బల్లలన్నీ ఆయన చేసినవే, సంఘంలో పోయినవాళ్ళ పెట్టెలూ ఆయన చేసినవే. మాట కూడా కోసినట్టుంటుంది, ఆ పేరు అందుకే. శుక్రవారం పొద్దున పాస్టరు గారింటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మగారు ఉన్నారా అయ్యగారూ?"

"కూరలకెళ్ళింది పెద్దయ్యా. రండి, కూర్చోండి."

"కూర్చునే పని కాదు. చెప్పులేసుకోండి. కూరలు ఎక్కడ దొరుకుతున్నాయో చూపిస్తాను."

దారిలో చెప్పాడంతా. రోజూ ఎదురైనవాళ్ళందర్నీ పలకరించే పాస్టరు గారు ఆ రోజు ఎవర్నీ పలకరించలేదు.

పాస్టరు గారికి ఒక్కతే కూతురు ఉండేది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఎనిమిది నెలల క్రితం జ్వరమొచ్చి మూడో రోజుకి లేకుండా పోయింది. ఆసుపత్రిలో చెయ్యాల్సిందంతా చేశారు, సంఘమంతా మోకాళ్ళ మీద ఉంది, అయినా పోయింది. పెట్టె పెద్దయ్యే చేశాడు. కొలత తీసుకోవడానికి పిల్ల దగ్గరికి వెళ్ళలేక, మందిరంలో ఆ పిల్ల కూర్చునే పొట్టి బల్లని జానలతో కొలుచుకుని చేశాడు. సరిగ్గా సరిపోయింది.

భూస్థాపన ఆరాధనకి వేరే సంఘం పాస్టరుని పిలుద్దామంటే పాస్టరు గారు ఒప్పుకోలేదు. తనే చేశారు. "ఈ ఇంట్లో ఏడుపు వినపడకూడదు. ఏడిస్తే, పాప ఎక్కడికెళ్ళిందో మనకి తెలీదని లోకానికి చెప్పినట్టు. పాటలు పాడండి," అన్నారు. పాతికేళ్ళుగా ఎన్నో ఇళ్ళల్లో చెప్పిన మాటే అది. తన గుమ్మంలోకొచ్చేసరికి దాన్ని మార్చేస్తే, రేపు ఇంకొకరి గుమ్మంలో చెప్పడానికి నోరెలా వస్తుందని ఆయన బెంగ. పాస్టరమ్మ తెల్లచీర కట్టుకుని పెట్టె పక్కన నిలబడి, మూడు పాటలూ చివరి చరణం దాకా పాడింది. కంట్లో చుక్క లేదు. "విశ్వాసమంటే అదీ," అన్నారు సంఘం వాళ్ళు. "రాయి," అంది కుట్టుమిషనావిడ.

వారం తిరక్కుండా పాస్టరమ్మకి దగ్గు పట్టుకుంది. పెద్దాసుపత్రిలో ఛాతీ ఫోటోలు తీశారు, రక్తం చూశారు, కఫం చూశారు. ఊపిరితిత్తులు అద్దంలా ఉన్నాయని చెప్పి సిరప్పు రాసిచ్చారు. సీసాలు మారాయి, దగ్గు మారలేదు. ప్రతి శుక్రవారం సాయంత్రం పాస్టరు గారూ, పెద్దయ్యా ఆమె నుదుటికి నూనె రాసి, తల మీద చేతులుంచి ప్రార్థన చేసేవాళ్ళు. ఒక శుక్రవారం తర్వాత రెండు రోజులు ఆమె దగ్గలేదు. పాస్టరు గారి ముఖం చూడాలి అప్పుడు! పాప పోయాక ఆ ముఖంలో మొదటిసారి వెలుగు కనిపించింది. ఆదివారం ఆమెని లేపి నిలబెట్టారు. ఆమె ఊపిరి బిగబట్టి, నాలుగు మాటల్లో సాక్ష్యం చెప్పి కూర్చుంది. ఆ తర్వాత ఆమె దగ్గడం ఎవరూ వినలేదు.

పచ్చ తలుపు దగ్గర పాస్టరు గారు ఆగారు. పెద్దయ్యే తోశాడు.

లోపల పొడుగాటి గది. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు, ఒక్కోదాని మీద నల్లసిరాతో చైనా అక్షరాలు. మూల స్టవ్వు మీద మట్టికుండలో ఏదో కాగుతోంది, ఎండిన నారింజ తొక్కల వాసన, దాని వెనక ఇంకేదో చేదు. కిటికీ పక్క కుర్చీలో పాస్టరమ్మ కూర్చుని ఉంది. రెండు చేతులూ దిండు మీద, అరచేతులు పైకి. మణికట్ల దగ్గరా, బొటనవేళ్ళ మొదట్లోనూ వెంట్రుకల్లాంటి సూదులు. మొగుణ్ణి చూసి లేవబోయింది.

"కదలకు తల్లీ, సూదులున్నాయి," అన్నాడు సూదుల తాత. తర్వాత గుమ్మం వైపు తిరిగి, "చెప్పులు బయట," అన్నాడు.

పాస్టరు గారి గుమ్మంలో విప్పని చెప్పులు పెద్దయ్య ఇక్కడ విప్పాడు.

సూదుల తాత పూర్వీకులది చైనా. తాత పుట్టింది మాత్రం ఈ సందులోనే. భాష మనదే, తిట్లూ మనవే.

పెద్దయ్య కళ్ళు గదంతా వెతుకుతున్నాయి. ఎదురుగోడ మీద నిలువెత్తు మనిషి బొమ్మ ఉంది. ఒంటి నిండా గీతలూ చుక్కలూ. "అదెవరు? మీ దేవుడా?" అన్నాడు.

"దేవుడైతే గోచీ అయినా కట్టేవాళ్ళం కదయ్యా. ఒంట్లో ఊపిరి తిరిగే దారులవి. బస్సుల రూటు బోర్డనుకో."

పాస్టరమ్మ పెదాలు కదిలాయి, నవ్వొచ్చినట్టు. ఆ నవ్వు గొంతు దాటకుండానే దగ్గయింది. చేతులు కదపకూడదు, నోటికి కొంగు అడ్డం పెట్టుకోకూడదు. దగ్గు గది నిండా వినిపించింది, నూతి అట్టడుగు నుంచి చేదతో తోడినట్టు.

పాస్టరు గారు ఆమెకేసే చూస్తున్నారు. "నీకు తగ్గింది కదా?"

ఆమె కళ్ళు మూసుకుంది.

"ఎవరన్నారు తగ్గిందని?" అన్నాడు తాత.

"తనే. సంఘం ముందు నిలబడి..."

"నిలబెడితే నిలబడింది. మీ ముఖం చూసి, కాదనలేక తగ్గిందని చెప్పి ఉంటుంది."

"ఏమయ్యా," అని పెద్దయ్య ముందుకొచ్చాడు, "మాకు స్వస్థత పైనుంచి వస్తుంది. నీ సూది మొననుంచి కాదు."

"రానీ. నేనేమన్నా అడ్డమొచ్చానా? పైనుంచి వచ్చేది దిగడానికి దారుండొద్దూ? నేను దారి ఊడ్చేవాణ్ణి. ఎవరు వస్తారో నాకనవసరం." తాత ఒక సూదిని రెండు వేళ్ళ మధ్య మెల్లగా తిప్పాడు. "పెద్దాసుపత్రి ఫోటోలు ముందు నేనూ చూశాను. అందులో ఏదన్నా ఉంటే సూది పట్టుకునేవాణ్ణే కాదు, తిప్పి అక్కడికే పంపేవాణ్ణి."

"మరి ఏమీ లేనిదానికి నువ్వు చేసేదేంటి?"

"మీ బైబిలు వాక్యంలో మనిషిని దేనితో చేశారయ్యా?"

పెద్దయ్య పాస్టరు గారి వైపు చూశాడు. పాస్టరు గారు పరధ్యానంగా చెప్పారు: "మట్టితో. ముక్కులో ఊపిరి ఊదితే లేచాడు."

"మా వాళ్ళూ ఊపిరి దగ్గరే మొదలెడతారు. అక్కడిదాకా మనం ఒకే బండి. తర్వాత ఎవరి స్టాపులో వాళ్ళు దిగిపోతాం." తాత స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "మా లెక్కలో కోపం కాలేయంలో ఉంటుంది. భయం మూత్రపిండాల్లో. దుఃఖం ఊపిరితిత్తుల్లో."

"దుఃఖం ఉండేది గుండెలో కదా?" అన్నాడు పెద్దయ్య. వాదనకొచ్చినవాడు తనకి తెలీకుండానే అడిగేశాడు.

"గుండె రాజు. సింహాసనం మీద కూర్చున్నవాడు ఏడిస్తే రాజ్యం నడవదు. ఏడ్చే పని ఊపిరితిత్తులది. ఏడుపంటే మాత్రం ఏముంది? చప్పుడు చేసే ఊపిరి. ఆ చప్పుడు బయటికి రాకపోతే లోపలే ఇంకో చప్పుడు వెతుక్కుంటుంది."

పాస్టరు గారు కిటికీ దగ్గరికి నడిచారు. "మా కీర్తనల్లోనూ ఒక రాజు అన్నాడు," అన్నారు నెమ్మదిగా, తనలో తను అనుకున్నట్టు. "నోరు మూసుకుని ఉన్నన్నాళ్ళూ తన ఎముకలు అరిగిపోయాయని."

"చూశారా, మీ రాజుకీ నాడి చూడటం తెలుసు," అన్నాడు తాత.

కుండ మీద మూత చిన్నగా కొట్టుకుంటోంది.

"ఎప్పుడొస్తోంది ఈ దగ్గు?" పాస్టరు గారు ఆమెనే అడిగారు. తాత చెప్పాడు.

"మొదటి రోజే అడిగాను. తెల్లవారుజామున నాలుగింటికట. మూడింటికీ అయిదింటికీ మధ్య ఊపిరితిత్తుల వంతు అంటారు మావాళ్ళు."

"నాలుగింటికి నేను మేలుకునే ఉంటాను కదా! ముందు గదిలో ప్రార్థనలో ఉంటాను. ఈ రెండు నెలల్లో ఒక్కసారి కూడా వినలేదే."

"కుళాయి వినలేదా?"

పాస్టరు గారు రోజూ విన్నారు. వంటింట్లో కుళాయి బకెట్టులోకి ధారగా పడుతూ ఉండేది. ఆయనకి ఆ చప్పుడంటే ఇష్టం కూడా. నా భార్య నాతో పాటే లేచి పని అందుకుంటుందని ఒక ఆదివారం ప్రసంగంలో చెప్పారు. సంఘంలో ఆడవాళ్ళకి ఆమెని చూసి నేర్చుకోమన్నారు. ఆ ఆదివారం ఆమె మూడో వరసలో తల వంచుకుని కూర్చుంది. అణకువ అనుకున్నారు అందరూ.

"నీ చెయ్యి ఇటివ్వు నాయనా," అన్నాడు తాత.

"అయ్యగారూ, వద్దు," అన్నాడు పెద్దయ్య.

పాస్టరు గారు చెయ్యి చాపారు. జబ్బుపడ్డవాళ్ళ తలల మీద పాతికేళ్ళుగా పెట్టిన కుడిచెయ్యి అది. ఇంకొకరి చేతిలో పెట్టడం ఆయనకి అలవాటు లేదు, ఎలా పెట్టాలో తెలీక అరచెయ్యి బోర్లించి ఇచ్చారు. తాత తిప్పాడు. మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, ముందు పైపైన, తర్వాత నొక్కి, తర్వాత ఎముకదాకా నొక్కి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నాలుగింటికి లేవడం ఎప్పట్నుంచి?"

"ఎనిమిది నెలలవుతోంది."

"అంతకు ముందు?"

"ఆరింటికి."

"అలారం పెట్టుకుంటావా?"

ఆ తెల్లవారుజాము ప్రార్థన గురించి సంఘం గొప్పగా చెప్పుకుంటుంది. చుట్టుపక్కల సంఘాల వాళ్ళు కూడా చెప్పుకుంటారు.

"లేదు," అన్నారు. "దానంతట అదే మెలకువ వచ్చేస్తుంది."

పాస్టరమ్మ కళ్ళు తెరిచి, మొదటిసారి ఆయన వైపు పూర్తిగా చూసింది.

"అదే గడియ, అదే నాడి," అన్నాడు తాత చెయ్యి వదిలేస్తూ. "ఒకరు ముందు గదిలో, ఒకరు వంటింట్లో. ఇద్దరికీ మధ్య ఒక గోడ, ఒక కుళాయి."

"అంటే ప్రార్థన జబ్బంటావా?" పెద్దయ్య గొంతు పెరిగింది.

"మందే. నేనెందుకు కాదంటాను? కానీ మూత బిగించి కాస్తే ఏ మందైనా కుండని పగలగొడుతుంది." తాత లేచెళ్ళి స్టవ్వు మీద కుండ మూత తీశాడు. ఆవిరి పైకి లేచింది. "మొదటి రోజు ఈ తల్లిని తిండి అడిగాను, నిద్ర అడిగాను, చెప్పింది. చివరిసారి ఎప్పుడు ఏడ్చావమ్మా అన్నాను. నాలుగుసార్లు వచ్చింది. ఆ ఒక్కదానికి మాత్రం ఇంకా జవాబు చెప్పలేదు. నా సూదులకి తెరుచుకునేది సగమే. మిగతా సగం తాళంచెవి నా దగ్గర లేదు."

ఒక్కో సూదీ తీసి పళ్ళెంలో వేశాడు. చివరిది తీశాక పాస్టరమ్మ చేతులు దగ్గరికి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది.

పాస్టరు గారు ఆమె కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. అలవాటుగా కుడిచెయ్యి లేచి ఆమె నుదుటిదాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. ఎన్నో ప్రార్థనలు నోటికొచ్చిన మనిషికి ఒక్కటీ మొదలవలేదు. చెయ్యి కిందికి దించి ఆమె చేతుల మీద పెట్టారు. సూదులు దిగిన చోట ఎర్రటి చుక్కలున్నాయి.

"ప్రభువు కూడా స్నేహితుడి సమాధి దగ్గర ఏడ్చాడు," అన్నారు. "అతన్ని బతికించి లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. ఏడిస్తే విశ్వాసం లేనట్టు కాదు. ఏడువు. నేనున్నాను, ఏడువు."

ఆమె ఆయన్ని చూసింది. తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ పెద్దయ్య చేతుల్ని చూసింది, కాయలు కాసిన ఆ వడ్రంగి చేతుల్ని. పెద్దయ్య వాటిని వెనక్కి పెట్టుకున్నాడు.

"ఆ మాట పెట్టెకి మేకులు కొట్టకముందు చెప్పాల్సిందండీ," అంది.