అతికేదాకా కోయను

"మదర్‌బోర్డు పోయిందక్కా. ఇంకేం లేదు, కొత్తది కొనుక్కో" అన్నాడు సందీప్. నా లాప్‌టాప్ అడుగుమూత తీసి అప్పటికి మూడు నిమిషాలు కూడా కాలేదు. మనిషి పోయాడని చెప్పే డాక్టరైనా ఇంకాస్త సేపు నాడి పట్టుకుని చూస్తాడు.

నాకు కోపం తొందరగా వస్తుంది. హేమలత నోటికి భయపడాలని ధర్మవరంలో మా వీధి వీధంతా అంటుంది. అయినా ఆ మంగళవారం అనంతపురంలో, ఆ రిపేరు షాపు స్టూలు మీద కూర్చుని ఓర్చుకున్నాను. ఎందుకంటే తప్పు సగం నాదే.

నేను పట్టుచీరలకు డిజైన్లు గీస్తాను. అంచులో హంస ఎన్ని పోగుల మీద నిలబడాలి, కొంగులో పువ్వు ఎక్కడ విచ్చుకోవాలి, అంతా కంప్యూటర్లో గళ్ల మీద గీసి ఇస్తే, దాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు మగ్గమెక్కితే చీర మీద నా హంస నడుస్తుంది. ఎనిమిదేళ్లుగా గీసిన నాలుగొందల పైచిలుకు డిజైన్లు ఈ ఒక్క లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. డిజైన్ సాఫ్ట్‌వేర్ కూడా ఈ మెషిన్లోనే తెరుచుకుంటుంది, ఇంకోదాంట్లో తెరుచుకోదు. ఇంకోచోట కాపీ పెట్టుకోవాల్సింది కదా అంటారా? పెట్టుకోవాల్సిందే. బుద్ధిలేక పెట్టుకోలేదు.

ఆరు నెలలుగా అది ఆన్ కావడానికి ఇరవై నిమిషాలు తీసుకుంటోంది. లోపల హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమని కొట్టుకుంటోంది. కొత్త రకం డిస్క్, ఎస్‌ఎస్‌డి వేస్తే పరుగెత్తుతుందని విని మూత విప్పాను. బోర్డు మీద ఖాళీ స్లాట్ ఒకటి కనిపించింది, చూయింగ్‌గమ్ రేకంత సన్నటి ఎస్‌ఎస్‌డి పెట్టేది. పట్టుపోగు తీసుకుని స్లాటు నుంచి స్క్రూ గుంట దాకా కొలిచాను. మా ఇళ్లల్లో ఏది కొలవాలన్నా ముందు చేతికొచ్చేది పోగే. సరిగ్గా ఆ పొడవున్నదే ఆన్‌లైన్లో తెప్పించి పెట్టాను. గాటు గాట్లో కూర్చుంది, స్క్రూ పట్టింది. లాప్‌టాప్ మాత్రం దాన్ని చూడనే లేదు. బయాస్ సెట్టింగుల్లోకి పోయి వెతికినా ఆ స్లాటు ఖాళీ అనే చూపించింది.

"ఎస్‌ఎస్‌డి మంచిదేనా?" అని అడిగాను సందీప్‌ని.

"ఇప్పుడే నా మెషిన్‌కు తగిలించి చూసినా. బంగారం మాదిరి పనిచేస్తాండాది. అంటే నీ బోర్డే పోయినట్టు."

"బోర్డు పోతే పాత డిస్క్‌తో ఎట్ల ఆన్ అవుతాండాదప్పా?"

"అక్కా, నీవు చీరల పని చూసుకో. ఆడోళ్లు స్క్రూడ్రైవర్ పట్టుకుంటే ఇట్లే అయ్యేది."

"మూత బిగించి ఇయ్యి" అన్నాను. "పదకొండు స్క్రూలుండల్ల. ఒక్కటి తక్కువైనా ఈడినుంచి కదల్ను."

పదకొండూ లెక్కపెట్టుకునే వచ్చాను.

నేను ఇల్లు చేరేసరికి నాగేశ్వర వాకిట్లో కూర్చుని ఉన్నాడు. పట్టు సావుకారు. నేను గీసేవాటిలో ఎక్కువ భాగం ఆయన అడిగేవే. లాప్‌టాప్ సంగతి ఆయనకు అప్పుడే తెలిసిపోయింది.

"కొత్త లాప్‌టాప్ నేనిస్తానమ్మా, సాఫ్ట్‌వేర్ కూడా నేనే వేయిస్తా. పాతది నాకిచ్చేయ్, ఎక్స్‌చేంజ్ అనుకో. నా ఆఫీసులో చల్లగా ఏసీలో కూర్చొని గీసుకో."

"గీసినవి ఎవరివన్నా?"

"ఏం మాటమ్మా అది? అన్నీ మనవే కదా."

సావుకారు 'మనవి' అంటే ఆయనవి అని మా ఊళ్లో పాలు తాగే పిల్లకాయలకు కూడా తెలుసు. శుక్రవారం కాగితం తెస్తాను, సంతకం పెట్టమన్నాడు. ఇప్పటిదాకా ఆయన అడిగింది గీసి ఇచ్చేదాన్ని, వేరేవాళ్లు అడిగితే వాళ్లకూ గీసేదాన్ని. సంతకం పెడితే ఆ రోజు నుంచి నేను గీసే ప్రతి గీతా ఆయనదే. ఈరప్ప, ఇంకో ఆరిళ్ల నేతగాళ్లు కలిసి సావుకారు లేకుండా సొంతంగా నేసి అమ్ముకోవాలని నన్నో అంచు అడిగారు. అది ముప్పావు వంతు అయింది. అదీ ఆ టిక్కుటిక్కుమనే డిస్క్‌లోనే ఉంది.

లోపల మగ్గం దగ్గర మా మేనత్త సుబ్బలక్ష్మమ్మ పడుగు, అంటే నిలువు పోగులు, అతుకుతోంది. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తుంటే, దాని ఒక్కో పోగు కొసకూ కొత్త పడుగు పోగును వేళ్లతో మెలిపెట్టి కలపాలి. ఐదు వేల చిల్లర పోగులు. చివరి పోగు అతికేదాకా పాత పడుగును కోయకూడదు. కోస్తే మగ్గం మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సిందే. అత్త నలభై ఏళ్లుగా ఊరి మగ్గాలన్నిటికీ ఈ పని చేస్తోంది.

నా గోడంతా వెళ్లబోసుకున్నాను. కొలత సరిపోయింది, స్క్రూ పట్టింది, అయినా చూడదు అన్నాను.

అత్త వేళ్లు ఆగలేదు. "ఏం కొలిచినావు?"

"పొడువు."

"థూ నీ! నేతగాని కడుపున పుట్టి పొడువు కొలిచినావా? అచ్చు కొనేటప్పుడు పొడువు చూసి కొంటామా?" పోగులు దూర్చే దువ్వెనలాంటి పరికరాన్ని మేం అచ్చు అంటాం. "రెండచ్చులూ ఒకే పొడువుంటాయి. ఒకదాని పండ్లు దగ్గర దగ్గర, ఇంకోదానివి ఎడమెడం. దీని పడుగు దాంట్లోకి యాడ దూరతాది? పొడువు మీ మామ కూడా చూస్తాడు. పండ్లెన్నో చూసేటోడే నేతగాడు."

మా మామ జీవితంలో మగ్గం ముట్టలేదు. అందుకే ఆ మాట సూటిగా తగిలింది.

లాప్‌టాప్ అడుగున చిన్నక్షరాలతో ఉన్న మోడల్ నంబరు రాసుకుని, దాని రిపేరు పుస్తకం ఫోన్లో వెతికి తీశాను. నూటఇరవై పేజీలు, అంతా ఇంగ్లీషు. ఏడో తరగతి పరీక్షకు కూడా నేనంత చదవలేదు. ఎనభై మూడో పేజీలో పట్టికలో ఒక వరుస దొరికింది. ఆ స్లాటులో సాటా రకం ఎస్‌ఎస్‌డి మాత్రమే నడుస్తుంది. నేను తెప్పించింది ఎన్‌విఎంఇ రకం. రెండూ ఒకే పొడవు, రెండూ ఆ స్లాటులో కూర్చుంటాయి, కానీ లోపల సమాచారం పోయే దారి వేరు. బోర్డుకు ఏ రోగమూ లేదు. నేను తెచ్చిందే తప్పు, సందీప్ చెప్పిందే అబద్ధం.

బుధవారం మొదటి బస్సుకే మళ్లీ ఆ షాపులో దిగాను. "సాటా రకం ఇయ్యి, ఇదే పొడువుది."

"ఆ రకం ఇప్పుడెవరూ కొనరక్కా. లేదు."

"వెతుకు."

"లేదంటాండా కదా."

"లేదని చెప్పడానికైనా వెతకల్ల కదప్పా!"

అటక మీది అట్టపెట్టె దించి నా ముందు పడేశాడు. దుమ్ము దులుపుకుంటూ ఒక్కోదాని మీది అక్షరాలు నేనే చదివాను. అడుగు నుంచి ఒకటి దొరికింది, ఎవరో పెద్దది వేయించుకుని వదిలేసినది.

"ఈడే పెట్టు, నా కళ్లముందు" అన్నాను.

"పనిచేయకపోతే?"

"నీవు చెప్పిందే నిజమని బజారంతా చెప్తా. పనిచేస్తే మాత్రం నీవు ఆడోళ్ల గురించి ఇంకోసారి నోరెత్తొద్దు."

పెట్టాడు. బయాస్ తెరిచాడు. ఇంతకుముందు ఖాళీ అని చూపించిన చోట ఇప్పుడు ఎస్‌ఎస్‌డి పేరు, సైజు వచ్చాయి. నేను కేక పెట్టాను. పక్కన జిరాక్స్ షాపాయన కూడా తొంగిచూశాడు. చూడనీ.

సందీప్ మొహం మాడ్చుకుని స్క్రూడ్రైవర్ తీశాడు. "సరేలే అక్కా. పాత డిస్క్ పీకి పక్కన పెడతా. దీంట్లో విండోస్ కొత్తగా వేస్తా. రేపొచ్చి తీసుకుపో."

అతని మణికట్టు పట్టుకున్నాను. "పాతది కదిలించొద్దు. అది ఉన్నచోటే ఉండి, దాంట్లో ఉండేదంతా ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి రావల్ల. అతికేదాకా కోయను."

"అట్లయితే గంటలు పడతాది. ఆ డిస్క్ చచ్చేటట్లుంది, నడుమ ఆగిపోతే?"

"కూర్చుంటా. అయినా పాత డిస్క్ పీకాలని నీకెందుకంత తొందర?"

అప్పుడు నోరు జారాడు. "నాగేశ్వరన్న ఫోన్ చేసినాడక్కా. పాత డిస్క్ పారేయొద్దు, నాకు పంపియ్ అన్నాడు. మీరూ మీరూ ఒకటే అనుకున్నా."

ఎక్స్‌చేంజ్ అంటే ఇదన్నమాట. వేరేవాళ్లకు గీసినవి, ఎవరికీ ఇంకా చూపించనివి, ఈరప్ప అంచు, ఎనిమిదేళ్ల నా కళ్లు, నా నడుము, అంతా ఒక కొత్త డబ్బా ఇచ్చి లాగేసుకుందామని. కోపంతో నా చెవులు వేడెక్కాయి. సందీప్‌ను తిట్టి లాభం లేదు. స్టూలు దగ్గరికి లాక్కుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

కాపీ మొదలైంది. అన్నం తినడానికి కూడా లేవలేదు. అరవై ఒకటి శాతం దగ్గర ఆగింది. డిస్క్ టిక్కుమంది, మళ్లీ టిక్కుమంది, ఇంకేం కదల్లేదు. ఇంటి దేవుళ్లందరికీ మొక్కుకున్నాను, కొందరిని తిట్టాను కూడా. పావుగంటకు అరవై రెండు అయింది. మధ్యాహ్నం మూడున్నరకు నూరయింది. ముందు ఎస్‌ఎస్‌డి నుంచి మొదలవ్వాలని బయాస్‌లో మార్చి ఆన్ చేస్తే, నేను నీళ్ల సీసా మూత తీసేలోపు స్క్రీన్ వచ్చేసింది. ఈరప్ప అంచు తెరిచి చూశాను. ఒక్క గడి తప్పలేదు. పాత డిస్క్ అప్పుడు నేనే పీకి, కొంగులో మూటగట్టుకున్నాను.

"తొందరపడినా అక్కా నిన్న" అన్నాడు సందీప్, కిందికి చూస్తూ.

"మూడు నిమిషాలు చూసినావు. ఇంగోసారి పదన్నా చూడు" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నానికి మిగతా అంచు గీసి ఈరప్పకు పంపించేశాను.

శుక్రవారం నాగేశ్వర కొత్త లాప్‌టాప్ పెట్టె, కాగితం పట్టుకుని వచ్చాడు. నేను నా లాప్‌టాప్ ఆయన వైపు తిప్పి బటన్ నొక్కాను. ఆయన కూర్చునేలోపే ఆన్ అయింది. తెర మీద ఉన్న అంచును చూసి ఆయన కళ్లు చిన్నవయ్యాయి.

"బాగుండాదే. ఇది నాకియ్యి."

"ఈరప్పోళ్లకు ఇచ్చేసినానన్నా."

"ఎవరినడిగి ఇచ్చినావు?"

"గీసినామెను అడిగి."

లేచి నిలబడ్డాడు. "ఈ ఊర్లో ఏ సావుకారూ నీకు పని ఇయ్యడు, చూసుకో."

"ఇయ్యకపోతే ఇయ్యనీ. నా డిస్క్ కోసం అనంతపురం దాకా ఫోన్ చేసినావంట. నన్నే అడిగింటే ఇయ్యనని నీ మొగమ్మీదే చెప్పింటా."

కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. అబద్ధమెందుకు, భయమేసింది. పది డిజైన్లలో ఎనిమిది ఆయన అడిగేవే. రేపటి నుంచి అవి ఉండవు.

"ఏడిస్తే రొంతసేపు ఏడువు, తప్పులేదు" అంది అత్త మగ్గం దగ్గర నుంచే. "ఆయప్ప ముందర ఏడవలేదు, అది చాలు."

ఏడుపు రాలేదు. ఫోనొచ్చింది. ఈరప్ప, అట్టలు కొట్టే షాపు నుంచి. మెషిన్ చప్పుడులో అరుస్తున్నాడు.

"అట్టలైపోయినాయమ్మా! కట్ట పైన పేరు రాయల్లంట. ఎవరి పేరు రాయల్ల?"

అట్టల కట్ట మీద డిజైన్ సొంతదారు పేరు సిరాతో రాయడం మా దగ్గర అలవాటు. ఎనిమిదేళ్లలో నా చేతి మీదుగా నాలుగొందల కట్టలు పోయాయి. ఒక్కదానికి కూడా ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

"హేమలత అని రాయించు" అన్నాను. "పెద్దగా రాయించప్పా, సావుకార్లకు దూరం నుంచే కనపడల్ల."