మచ్చ లేని ముఖం

"ఈవిడ మా అమ్మ కాదండీ."

ఆ అమ్మాయి ఫొటోను కౌంటర్ మీద వెనక్కి నెట్టింది. తల్లి ఈమధ్యే పోయింది. గోడకు పెట్టుకోవడానికి పెద్ద ప్రింటు అడిగింది. ఫొటోలో ఉన్నది ఆ తల్లే. కానీ పైపెదవి మీది కుట్ల మచ్చ లేదు, కళ్ల కింద ముడతలు లేవు. చర్మం ప్లాస్టిక్ బొమ్మలా మెరుస్తోంది.

ఆ స్టూడియో ఒక అక్కాతమ్ముళ్లది. ఫొటోలు తీసేది, దిద్దేది అక్క. షాపు చూసుకునేది తమ్ముడు. అక్క ఏదో ఫ్యాక్టరీ ఫొటోల పని మీద ఊరు వెళ్లినప్పుడు తమ్ముడు పాత సాఫ్ట్‌వేర్ తీయించి కొత్తది పెట్టించాడు. ఫొటోలను అదే సర్దుతుంది, మనుషుల్ని అదే గుర్తుపడుతుంది, ముఖాలకు అదే మెరుగు పెడుతుంది అని అమ్మకందారు చెప్తే పడిపోయాడు. అక్కను ఒక్క మాట అడగలేదు.

ఆ ఉదయమే తిరిగొచ్చిన అక్క ప్రింటు చేతిలోకి తీసుకుని చూసింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

"సాయంత్రం రామ్మా. మీ అమ్మ ఫొటో నేనిస్తాను," అని ఆ అమ్మాయిని పంపి, కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆమె ఏళ్ల తరబడి ఒక్కో ఫొటోకూ రాసిపెట్టిన పేర్లు, చేసిన దిద్దుబాట్లు పాత సాఫ్ట్‌వేర్ కేటలాగ్‌లో ఉండేవి. ఇక అక్కర్లేదని దాన్నీ చెరిపేశారు. అసలు ఫొటోలైతే ఉన్నాయి గానీ, ఏది ఎవరిదో చెప్పే దిక్కు లేదు.

"పని తేలికవుతుంది కదాని..." తమ్ముడు నసిగాడు.

"ఎవరి పనిరా? ఈ కుర్చీలో నువ్వెప్పుడైనా కూర్చున్నావా?"

"మచ్చ పోతే బాగుంటుంది కదా అనుకున్నానక్కా."

"ఆ మచ్చ ఆవిడది! నీ అబ్బ సొమ్మా తుడిచెయ్యడానికి?"

"ఆయన నీకూ అబ్బే కదా," అని గొణిగి, ఆమె చూపు చూసి కౌంటర్ వెనక్కి జరిగాడు.

కబురందుకుని అమ్మకందారు వచ్చాడు. "ఇప్పుడందరూ ఇదే వాడుతున్నారు మేడమ్."

"అందరి సంగతీ నాకెందుకు? నేను అడిగేదాకా ముఖాల జోలికి రాకుండా ఉంటుందా ఇది?"

"సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చండీ. కాకపోతే అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మళ్లీ ఆపాలి."

"రేపు నేను వేరేదానికి మారితే, ఇందులో రాసుకున్న పేర్లు నాతో వస్తాయా?"

"ఇంత మంచిది వదిలి ఎందుకు మారతారండీ?"

"రావన్నమాట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. దయచెయ్యి నాయనా."

అతను వెళ్లాక ఆమె ఆ తల్లి అసలు ఫొటో కోసం వెతుకులాట మొదలుపెట్టింది. కొత్త సాఫ్ట్‌వేర్ ఆ తల్లినీ, ఆవిడ చెల్లెల్నీ ఒకే మనిషి అనుకుని ఒకే గుంపులో పడేసింది. దాన్ని తిట్టుకుంటూ, ఒక్కో ముఖాన్నీ కళ్లతోనే జల్లెడ పట్టింది. చివరికి దొరికింది. ఆవిడ నవ్వుతోంది. మచ్చ దగ్గర పెదవి కాస్త పక్కకు లాగింది. అక్క కొంచెం వెలుతురు మాత్రం పెంచి ప్రింటు తీసింది.

సాయంత్రం ఆ అమ్మాయి ఫొటో అందుకుని ఆ మచ్చ మీద వేలు పెట్టింది. "నవ్వితే ఇలాగే పక్కకు పోయేది," అంది. ఫొటోను గుండెకు హత్తుకుని వెళ్లిపోయింది.

"తప్పయిపోయిందక్కా," అన్నాడు తమ్ముడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్క కోపం మాత్రం దిగలేదు.

ఇంకో సాఫ్ట్‌వేర్‌ను ఈసారి ఆమే ఎంచుకుంది. హంగులేమీ లేవు. పేర్లను ఫొటో ఫైళ్లలోనే రాస్తుంది, అసలు ఫొటోను ముట్టుకోదు. దాన్ని పెట్టించి తమ్ముణ్ణి కుర్చీలో కూర్చోబెట్టింది.

"పేర్లు రాయి."

"అన్నిటికీనా?"

"అన్నిటికీ. తెలియకపోతే ఫోన్ చేసి అడుగు. మీ పేర్లు మేమే పోగొట్టామని ముందు చెప్పి, అప్పుడడుగు."

అతను ఫోన్ తీశాడు. అవతలివాళ్లు గట్టిగానే తగులుకున్నట్టున్నారు, అతని చెవులు ఎర్రబడ్డాయి.

"స్పీకర్‌లో పెట్టు," అంది అక్క. "నేనూ వింటాను."