అత్తయ్య సరిచేసిన గేరు

కుట్టు మిషన్‌ను కిటికీ దగ్గరికి జరపబోయి అత్తగారు కోడలి సైకిల్‌ను పడేసింది. అది మెట్ల అంచుకు తగిలి, పెడల్ దగ్గర చైనును చిన్న చక్రం నుంచి పెద్ద చక్రానికి మార్చే డిరైలర్ రేకు వంకరపోయింది.

కోడలు నర్సు. గుట్ట మీది ఇళ్ళకు వెళ్ళి రోగులకు కట్లు మారుస్తుంది. గేరు పడకపోతే ఆ ఎత్తు ఎక్కడం కుదరదు. ఆదివారం కావడంతో రిపేరు షాపు మూసేశారు.

"పర్లేదు అత్తయ్యా," అంది కోడలు. ఆ గొంతులో పర్లేదన్నది ఏ కోశానా లేదు. పెళ్ళయి నెలలు గడిచినా ఇద్దరి మధ్యా అవసరానికి మించి మాటల్లేవు.

అత్తగారు కాసేపు తచ్చాడి, మిషన్ సొరుగులోంచి స్క్రూడ్రైవరు, వంటింట్లోంచి స్పానరు, పటకారు తెచ్చింది.

"పడేసింది నేనేగా. ఏం చెయ్యాలో చెప్పు."

"నాకూ అంతంతమాత్రమే తెలుసండీ."

"ఇద్దరి అరకొరా కలిపితే సరిపోతుందిలే."

సీటుకు తాడు కట్టి, వెనక చక్రం గాల్లో ఉండేలా సైకిల్‌ను మెట్ల కమ్మీకి వేలాడదీశారు. అత్తగారు గుడ్డ అడ్డం పెట్టి, పటకారుతో రేకును కొంచెం కొంచెంగా వంచింది. బోల్టు వదులు చేసి, రేకు వంకర లేకుండా పెద్ద చక్రానికి సమాంతరంగా నిలిపి బిగించింది. కోడలు చేత్తో పెడల్ తిప్పుతూ గేరు మార్చింది. చైను చిన్న చక్రాన్ని దాటి లోపలికి జారిపడింది.

"నా మొహంలా ఉంది!" అంటూ అత్తగారు చైనును మళ్ళీ ఎక్కించి, డిరైలర్ మీదున్న రెండు స్క్రూల్లో ఒకదాన్ని తిప్పింది. చైను మళ్ళీ జారింది.

"లోపలికి పోకుండా ఆపేది ఆ పక్క స్క్రూ అనుకుంటా."

అత్తగారు మొదటిదాన్ని ఉన్నచోటికి తెచ్చి రెండోదాన్ని బిగించింది. ఈసారి చైను నిలబడింది కానీ రేకుకు కరకరా రాసుకుంటోంది.

"మరీ బిగించాను. దారం బిగువైతే గుడ్డ ముడతపడ్డట్టు." రవ్వంత వదిలేసరికి చప్పుడు ఆగింది. గేరు మార్చే కేబుల్ కూడా కాస్త లాగి బిగించాక, చైను పెద్ద చక్రం మీదికి టక్కున ఎక్కింది.

"అత్తయ్యా, మీ చేతిలో ఏదో ఉంది!"

"మసి," అంటూ అత్తగారు రెండు అరచేతులూ చూపించింది. ఇద్దరూ పగలబడి నవ్వారు.

కోడలు గుట్ట ఎక్కి దిగి, చెమటలు కక్కుతూ తిరిగొచ్చింది.

"ఒక్కసారీ జారలేదు. మీరూ ఎక్కండి."

"ఈ వయసులోనా? పడితేనో?"

"కట్టు కట్టడానికి నేను లేనూ?"

అత్తగారు అటూ ఇటూ చూసింది. వీధిలో ఎవరూ లేరు. చెప్పులు విడిచి, హ్యాండిల్ పట్టుకుని ఎక్కింది. కోడలు సీటు పట్టుకుంది.

"సీటు వదిలావో, నీ పని చెప్తా!"

"వదల్నండీ, తొక్కండి!" అంటూ కోడలు పక్కనే పరుగందుకుంది.