పీపాలో వాన నీళ్లు

"ఆ పీపా మీద చెయ్యి వేశావంటే ఊరుకోను, జివాన్!" గరిటె పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది దెసంక.

"లోపలంతా దోమపిల్లలేనమ్మా! మొన్న ఇంటింటికీ వచ్చిన నర్సు టార్చి వేసి మరీ చూపించలేదూ?"

"నర్సు పుట్టకముందు నుంచీ పడుతున్నా వాన నీళ్లు. పురుగు ఆడుతోందంటే నీళ్లు మెత్తగా ఉన్నట్టు. మన బావి నీళ్లతో తల రుద్దుకుంటే పీచైపోతుంది, అచ్చం నీ తలలా!"

మూడు రోజులుగా కొడుకూ తల్లీ ఇదే పాట. కోడలు స్మిల్యా మాత్రం నోరు మెదపలేదు. జులైలో దోమకాటు జ్వరం మెదడుకెక్కి పందొమ్మిది రోజులు ఆసుపత్రిలో పడుంది. ఇంటికొచ్చాక చేతులు తలదాకా లేచేవి కావు. చెంచాతో సూపు తాగించింది అత్తగారే. శనివారం శనివారం ఆ పీపా నీళ్లే గుడ్డలో వడగట్టి, కాచి, కాస్త వెనిగర్ కలిపి తలంటిందీ ఆవిడే. ఆ నీళ్లను ఏ నోటితో తప్పుపట్టడం?

శనివారం వచ్చింది. గంగాళం ముందు తల వంచుకున్న స్మిల్యా కళ్లకు అత్తగారి ముంజేతులు కనబడ్డాయి. ఎర్రెర్రని దద్దుర్లు.

"ఇదేంటత్తయ్యా?"

"దోమలే. పొద్దువాలాక మిరప మొక్కలకు ఆ పీపాలోంచి నీళ్లు తోడుతాగా. ముసలి నెత్తురు, రుచి లేక పోతాయిలే."

"పోవత్తయ్యా. ఈ జ్వరం పెద్దవయసు వాళ్లనైతే మరీ పీల్చేస్తుందట. నేను పడితే మీరు లేపారు. మీరు పడితే లేపడానికి నా చేతులకు ఇంకా సత్తువ రాలేదు."

జుట్టులో వేళ్లు ఆగిపోయాయి. కాసేపటికి చివరి చెంబు గోరువెచ్చగా తలమీద పడింది. తువ్వాలు ఎప్పటిలాగే చెవులు నొప్పెట్టేలా బిగించింది దెసంక.

ఆదివారం మధ్యాహ్నం అందరికీ సేమియా సూపు వడ్డించి కూర్చుంది.

"జివాన్, తినేశాక పీపా దొర్లించు. లోపల నేనే తోముతాను. మూతికి సన్న వల బిగించాకే మళ్లీ వాన నీళ్లు. జగోదా, పూలకుండీల కింద పళ్లేల్లో నీళ్లు పారబోయడం నీ పని."

మనవరాలు తలూపింది. జివాన్ నోట్లో చెంచా అలాగే ఉండిపోయింది. దెసంక రొట్టె తుంచుకుంటూ, ఎవరివైపూ చూడకుండా మెల్లగా అంది:

"మా స్మిల్యా తల మాత్రం శనివారం శనివారం నేనే అంటుతా. అందులో మార్పు లేదు."