అడ్డగీతలున్న ఊళ్లు

దూలయ్య ఫోన్ చేసింది మెచ్చుకోవడానికే. దోమల మందు కొట్టే జట్లకు ఆయన సూపర్‌వైజరు.

"మేడం, మీరు వెబ్‌సైట్ల పెట్టిన జ్వరాల ఫైలు మస్తు పనికొచ్చింది. పోయినేడు కాగితాలు ముంగటేసుకొని రెండు దినాలు కూసున్న. గిప్పుడు సున్నా ఉన్న ఊర్లన్నీ మందు కొట్టే లిస్టుల కెల్లి ఒక్కపాలి తీసేసిన. పదకొండు తగ్గినయ్. పొద్దుగాలనే బండ్లు పోయినయ్."

"మంచిదన్నా" అని హేమలత ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత గానీ మాట లోపలికి దిగలేదు. పదకొండు.

జిల్లా గణాంకాల ఆఫీసులో ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. మండలాల నుంచి వచ్చిన పట్టికలను ఎవరైనా దించుకుని వాడుకునే ఫైళ్లుగా మార్చి వెబ్‌సైటులో పెట్టాలి. పట్టికల్లో కొన్ని గళ్లలో అంకె ఉండదు, చిన్న అడ్డగీత ఉంటుంది. ఆ ఊరి లెక్క రాలేదని అర్థం. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, కంప్యూటరుకే తెలియదు. గీత కనిపిస్తే ఫైలు తీసుకోదు. సోమవారం సాయంత్రం ఇల్లందు బస్సు తప్పుతుందన్న తొందరలో ఆమె గీతలన్నిటినీ సున్నాలు చేసేసింది.

పట్టిక తెరిచి వేలు పెట్టి లెక్కపెట్టింది. పదకొండే. ఏడోది చెల్లెలు భానును ఇచ్చిన తండా. భానుకు ఆరో నెల.

వెంటనే చెల్లెలికి ఫోన్ కలిపి తమ తండా భాషలో అడిగింది, జ్వరాలేమన్నా ఉన్నాయా అని.

"ఎవరికి లేవక్కా? మా అత్త నాలుగు దినాలాయె మంచం దిగక. రాసుకపోయేటోళ్లే రాలే."

"నీకో?"

"నాకేంది, మంచిగున్న. జర చలి పెడ్తుంది. దుప్పటి కప్పుకున్న."

మిట్టమధ్యాహ్నం. ఫ్యాను కింద కూడా హేమలత జాకెట్టు వీపుకు అంటుకుపోతోంది.

ఆఫీసరు జయప్రకాశ్ గారు అప్పుడే టిఫిన్ డబ్బా విప్పారు. చెప్పేసరికి ఆయన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఎంతమంది దించుకున్నారు?"

"నూట నలభై మంది, సార్."

"మార్చేసి ఊరుకో. ఎవరు చూస్తారమ్మా?"

"మన దగ్గరిది మారుతది సార్. వాళ్ల దగ్గరివి మారవు గద."

"తప్పు చేశామని రాసిస్తే వచ్చే నెల నీ కాంట్రాక్టు మీద నేను సంతకం పెట్టగలనా? ఆలోచించుకున్నావా?"

ఆలోచించుకోకేం. ఇంటి కిరాయి, పిల్లల ఫీజులు అన్నీ ఆ సంతకం మీదే నడుస్తున్నాయి. కుర్చీలోకి వచ్చి, తాను తప్పు చేశాననీ, ఆ సున్నాలు నమ్మవద్దనీ నాలుగు వాక్యాలు కొట్టింది. కింద పదకొండు ఊళ్ల పేర్లు పట్టికలోని వరుసలోనే పెట్టి, తన పేరుతోనే దూలయ్యకు పంపింది. వెబ్‌సైటులో ఆ గళ్లు ఖాళీ చేసి, ఎందుకు ఖాళీయో రాసింది.

ఫోన్ మోగింది.

"గిదేంది మేడం, గిట్ల చేస్తిరి?" దూలయ్య గొంతులో ఇందాకటి ఉషారు లేదు. "ఇయ్యాల ఒక్క బండే మళ్లుతది. పదకొండిట్ల మొదలు ఏడికి తోలాలె? మీరే చెప్పుండ్రి, లెక్కలు మీ తానే ఉంటయ్ గద."

ఆమె దగ్గర ఒక్క ఊరి లెక్కా లేదు. మిగతా పదింటిలో ఎవరు దుప్పటి కప్పుకుని ఉన్నారో అడగడానికి ఆమెకు అక్కడ చెల్లెళ్లు లేరు. జయప్రకాశ్ గారు చెయ్యి కడుక్కోకుండానే వచ్చి వెనక నిలబడ్డారు.

"ఏడో ఊరికి" అంది హేమలత. తన గొంతు తనకే దొంగ గొంతులా వినిపించింది.