తలుపు బయటి తల్లి

వరంగల్లులోని ఓ దవాఖానలో పిల్లల వార్డు నర్సులకు పని నేర్పేది సాబిరానే. తల్లి ఒళ్లో ఉంచి సూది వేస్తే బిడ్డకు భయం తగ్గుతుందని మొన్నటి శిక్షణలోనే ఆమెకు తెలిసింది. అప్పటినుంచి మనసు మనసులో లేదు.

ఆ ఉదయం వార్డులోకి వస్తుంటే, తన దగ్గరే పని నేర్చుకున్న తేజస్విని గొంతు వినిపించింది. "బయట నిలబడమ్మా! నువ్వుంటే పోరి ఇంకా ఎక్కువ చేస్తది."

మాటే కాదు, ఆ విసురు కూడా సాబిరాదే.

"తల్లిని పంపకు," అంది సాబిరా.

"మీరే గదా అక్కా పంపియ్యమన్నరు?"

"అన్న. తప్పు చెప్పిన."

తొర్రూరు నుంచి వచ్చిన ఆ తల్లి, రజిత, పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పాప ఏడ్చింది కానీ చెయ్యి గుంజుకోలేదు. సెలైన్ సూది ఒక్కసారికే కుదిరింది.

రజిత కళ్లు తుడుచుకుంది. "మీరు మంచోళ్లు సిస్టరమ్మా. మా పెద్దబిడ్డప్పుడు ఇదే వార్డుల ఒక సిస్టర్ నన్ను బయటికి నూకి తలుపేసింది. లోపల అది అమ్మా అమ్మా అని మొత్తుకుంటనే ఉండె. మాస్కు పెట్టుకున్నది, ఆమె మొకం యాదికి లేదు."

గడ్డం కిందికి జారిన మాస్కును సాబిరా మెల్లగా పైకి లాక్కుంది.