చప్పుడు లేని మిషను

గదిలో గాలిని శుభ్రం చేసే మిషన్ల కంపెనీలో ఆమె ప్రాడక్ట్ మేనేజరు. రోజుకో టీముతో భోజనం చేస్తుందని అందరూ ‘చుట్టపుచూపు మేడం’ అని ఆటపట్టించేవారు.

ఒకరోజు భోజనం దగ్గర కస్టమర్ల ఫోన్లెత్తే పిల్ల వాపోయింది. “కొత్త మిషను నడవట్లేదని జనం నా ప్రాణం తోడేస్తున్నారక్కా!”

మర్నాడు మెకానిక్కు తల పట్టుకున్నాడు. “వెనక్కొచ్చినవాటికి ఏ రోగమూ లేదమ్మా!”

ఆ మర్నాడు డిజైనరు మీసం మెలేశాడు. “నడుస్తున్నా ఇంత చప్పుడు కూడా రాదు!”

ఆమె చేతిలో ముద్ద ఆగిపోయింది. ముగ్గుర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. నడుస్తున్నట్టు తెలిసేలా మిషనుకు చిన్న పచ్చదీపం పెట్టారు. వాపసులు ఆగాయి, అమ్మకాలు ఊపందుకున్నాయి.

“ఎవరి బుర్రలో పుట్టిందిది?” అడిగాడు కంపెనీ పెద్దాయన.

“మా అందరి బుర్రలో సార్!” అన్నారు ముగ్గురూ.

నిన్నటిదాకా ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు! మూలకుర్చీలో చుట్టపుచూపు మేడం గర్వంతో కాలుమీద కాలేసుకుంది.